ఇల్లిచ్చుటయు, విద్యాలయమగుటయు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లిచ్చి చూడుమని మాత్రము వారు చెప్పినట్లు మే మెన్నడును వినలేదు. కట్టుట కష్టమే. కట్టినదానిని తన బిడ్డలకు గాక, ముఖమైన నెఱుగని పరులబిడ్డల చదువునకై యిచ్చివేయుట మఱింత కష్టము. అంతకంటెను కష్టమైనది యొకటి కలదు. అట్లిచ్చిన యిల్లు నిజముగా విద్యాలయమై, అందు చిత్రలేఖనమో, సంగీతమో, నాట్యమో క్రమముగా బోధింపబడి, తుదకొక విశ్వవిద్యాలయమునకు నంగముగా నిలుచుట. ఇచ్చినవారి పేరు ఱాతిపై చెక్కుదురు. ఇచ్చుటకును, విశ్వవిద్యాలయమగుటకును నడుమ జరుగు పనిని చెక్కువారు లేరు. ఆ నడిమి పనిని గూర్చియే యీ వ్యాసము.

మన ధవళేశ్వరమునకును ఈ విషయమునకును సంబంధము లేకపోలేదు. ఊరిపేరు చెప్పగానే యెవ్వరికైనను కాటను దొరయు, 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్టయు జ్ఞప్తికి వచ్చును. అది న్యాయమే. అయినను 1874లో ఇచ్చటి పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ సంవత్సరముననే యీ యూర బాలికలకొక పాఠశాల స్థాపించిరి. వివేకవర్ధని పత్రికను గూడ ఆ యేడే వెలువరించిరి. ఆడుపిల్ల పలక పట్టుటయే వింతగా దోచు కాలమది. పిమ్మట వారు రాజమహేంద్రవరము చేరి, 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతువివాహము జరిపించుటయు, 1890లో స్వంత ధనముతో పురమందిరము కట్టించుటయు, తమ తోటలో వితంతువులకు శరణాలయము నెలకొల్పుటయు నందఱెఱిగినవే. పంతులుగారికి సంతానము లేదు. 20వ శతాబ్దపు మొదటి దశకమున హితకారిణీ సమాజమను ధర్మసంస్థ నేర్పఱచి, తమ యాస్తి నంతయు దానికి ధారపోసిరి. దానపత్రముపై పంతులుగారి పేరుండవచ్చును గాని, వంటవారును నీళ్లవారును బహిష్కారభీతిచే నింటికి రాక మానివేసినపుడు గోదావరినుండి తామే నీరు మోసి తెచ్చిన రాజ్యలక్ష్మమ్మగారికి ఆ యాస్తిలో భాగము లేదని యెవ్వరనగలరు? ఆమె 1910లోను, పంతులుగారు 1919 మే 27వ తేదీని చెన్నపట్టణములోను పరమపదించిరి. తరువాతి కాలమున ఆ దంపతు లిరువురి పేర్లతోను రాజమహేంద్రవరమున విద్యాసంస్థలు వెలసినవి.

ఈ దానమున గమనింపవలసిన విశేషమేమనగా, పంతులుగారు తమ సొత్తును ఆప్తమిత్రుని చేతిలోగాని, శిష్యుని చేతిలోగాని పెట్టక ఒక సమాజము చేతిలో బెట్టిరి. మనుష్యుడు పోవును, వాని వారసులు కోర్టు కెక్కుదురు. 1860 నాటి సంఘముల చట్టము ననుసరించి రిజిస్టరైన సమాజమునకు చావు లేదు. సభ్యులు మారుచుందురు, ఆస్తి సమాజము పేరనే యుండును. చట్టము దానమును చాల జాగ్రత్తగా జూచును. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, స్థిరాస్తిని దానమిచ్చువాడు దస్తావేజు వ్రాసి సంతకము చేయవలెను; కనీస మిద్దఱు సాక్షులు సంతకములు చేయవలెను; దానిని రిజిస్టరు చేయించవలెను; గ్రహించువారు దాత జీవించియుండగనే అంగీకరింపవలెను. వీనిలో నేది తక్కువైనను, నోటిమాటగా నెంత గొప్ప సభలో నిచ్చినను, ఆ యిల్లు దాతదే యగును. పూలదండలు వేసి చప్పట్లు కొట్టిన దానములు పెక్కు ఇట్లే వీగిపోయినవి.

కుటుంబపుటాస్తి యైనచో నింకొక చిక్కు కలదు. తాతతండ్రులనుండి వచ్చిన అవిభక్తాస్తిని ఇంటి పెద్ద తన ఇష్టము చొప్పున మొత్తము దానమీయ వలను పడదు; అది భాగస్థు లందఱిది. పూర్వము భాగస్థులనగా మగవారే. ఆంధ్రప్రదేశమున 1986లో వచ్చిన సవరణచేతను, దేశమంతటను 2005 నాటి సవరణచేతను కుమార్తెలకును భాగము గలిగినది. కావున నేడొక పాతలోగిలిని విద్యకై యిచ్చివేయ దలచినవారు, అత్తవారింటనున్న ఆడుబిడ్డను గూడ పిలిచి, ఆమె యంగీకారమును గైకొనవలెను. ఆమె వలదనినచో దానము నిలువదు. మా యభిప్రాయమున నిది మంచిదే. ఒకరి యుదారత మఱియొకరి సొమ్ముతో జరుగరాదు గదా.

ఇంతవఱకు సొత్తు మాట. ఇక కళ మాట. తెలుగున "కళాశాల" అనగా గణితము, రసాయనము చెప్పు చోటు గూడ నదియే. మాటలో కళ యున్నంతమాత్రమున లోపల కళ యుండనక్కఱలేదు. రాజమహేంద్రవరమున ఆ మాటకు నిజమైన యర్థమును గల్పింప బూనుకొన్నవారు దామెర్ల రామారావుగారు. వారు 1897లో జన్మించిరి. ఇచ్చటి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆ బాలుని చేతిలోని విద్యను గుర్తించి, అతనిని బొంబాయి జె. జె. కళాశాలకు బోవునట్లు చేసిరి. అడివి బాపిరాజుగారు గూడ ఆ దొర శిష్యులే. ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలోని పిల్లలలో నెవ్వరి చేయి ఎట్లు కదలుచున్నదో కనిపెట్టినందున ఆంధ్రచిత్రకళ కొక యుగమే కలిగినది.

రామారావుగారు చదువు ముగించి, బొంబాయిలో నిలువక స్వస్థలమునకు వచ్చి, 1920 తరువాతి సంవత్సరములలో ఇచ్చటనే చిత్రకళాశాల నెలకొల్పిరి. విద్యార్థులు ప్రతిమల నకళ్లు వ్రాయుటకు మాఱుగా ఎదుటనున్న గోదావరిని, పడవలను, నీళ్లబిందెలతో వచ్చు స్త్రీలను జూచి వ్రాయవలెనని వారి పద్ధతి. 1925 ఫిబ్రవరి 6వ తేదీని మశూచికముచే వారు మరణించిరి. వయస్సు ఇరువదియెనిమిది యైన నిండలేదు.

సాధారణముగా నిట్టి బడి యిట్టి చావుతో మూతపడును. ఇది మూతపడలేదు. రామారావుగారి భార్య సత్యవాణిగారును, మిత్రులు వరదా వెంకటరత్నముగారును దానిని నిలిపిరి. వెంకటరత్నముగారు స్వయముగా మంచి చిత్రకారులు. అయినను తమ కీర్తికై పరుగులిడక, పోయిన మిత్రుని పేరనున్న బడిలో పిల్లలకు గీతలు దిద్దుచు దీర్ఘకాలము గడపిరి. పటములు చెదరిపోక యొక్కచోట నిలిచినవి. ఆ చిత్రశాల తరువాత ప్రభుత్వరక్షణలోనికి వచ్చినది. కాని యది విశ్వవిద్యాలయపు కళావిభాగము మాత్రము కాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడినది 1926లో, అనగా రామారావుగారు పోయిన మఱుసటి యేట. రాజమహేంద్రవరమునకు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వచ్చినది 2006లో. ఇల్లుండెను, గురువుండెను, పటము లుండెను. ఇన్నియు నుండియు నేమి లోపించినది?

ఈ ప్రశ్నకు జవాబు దొరకవలెనన్న, మొదటినుండి తుదివఱకు ఆ పని జరిగిన చోటును జూడవలెను. అది వంగదేశమునందలి శాంతినికేతనము.

1863లో దేవేంద్రనాథ ఠాకూరుగారు బోల్పూరు సమీపమున నొక బీడుభూమిని, రాయిపూరు జమీందారులగు సింహవంశమువారినుండి శాశ్వతపు కౌలునకు దీసికొనిరి. అది యిరువది బిఘాలు. మన లెక్కలో నేడెకరములకు గొంచెము తక్కువ. ఎఱ్ఱమట్టి, రెండు ఏడాకుల చెట్లు తప్ప నందేమియు లేవు. వారచ్చట నొక యిల్లు కట్టి దానికి శాంతినికేతనమని పేరిడిరి. ఇరువదియైదేండ్లు అది కుటుంబపుసొత్తుగానే యుండెను. 1888 మార్చి 8వ తేదీని వారొక ధర్మనిధిపత్రము వ్రాసి, ఆ భూమిని, ఇంటిని ధర్మకర్తల పరము చేసిరి.

ఆ పత్రమును గూర్చి కొంచెము విరివిగా జెప్పవలెను. అందలి తెలివి యంతయు షరతులలో నున్నది. ఏ జాతివాడైనను, ఏ మతమువాడైనను నిరాకారుడగు దేవుని ధ్యానించుటకై యచ్చటికి రావచ్చును. విగ్రహారాధన కూడదు, అట్లని యెవ్వరి మతమును గాని, ఆరాధ్యదైవమును గాని నిందింపను గూడదు. మద్యమాంసములు నిషిద్ధములు. ఏటేట నొక మేళా జరుపవలెను. బ్రహ్మవిద్యాలయమును, గ్రంథాలయమును స్థాపించుకొనవచ్చును. ఈ కడపటి వాక్యము చిన్నది. ఆనాడు విద్యాలయము లేదు, విద్యార్థులు లేరు, స్థాపింపవలెనన్న తొందరయు లేదు. అయినను ఆ యొక్క వాక్యము పత్రములో నుండుటచేత, తరువాత వచ్చినవారు బడి పెట్టినపుడు అది దాత సంకల్పమునకు విరుద్ధమని యెవ్వరును వాదించుట కెడము లేకపోయెను.

పత్రములో మఱియొక మేలు కలదు. ఇంటితోబాటు, దాని పోషణకై వేఱొక యాస్తి రాబడిని గూడ దేవేంద్రనాథులు కేటాయించిరి. మన డెల్టాలో వేసవి వచ్చినంతనే కాలువలు కట్టివేసి, పూడిక దీసి, లాకుల తలుపులు బాగుచేయుదురు. ఆనకట్ట యొకమాఱు కట్టుదురు. బాగుచేయుట యేటేట నుండును. ఇచ్చిన యింటికిని అంతే. పైకప్పు కారినపుడు ఎవరు పెంకు నేయింతురను ప్రశ్నకు జవాబులేని దానము, గ్రహీతకు భారమే యగును. విశ్వవిద్యాలయములు కొన్ని దానములను మర్యాదగా నిరాకరించుటకు నిదియే కారణము.

దేవేంద్రనాథుల మనుమడు బలేంద్రనాథులు ఆ చోట విద్యాలయమును స్థాపింప గోరి యత్నించి, 1899లో చిన్నవయస్సున మరణించిరి. 1901 డిసెంబరు 22వ తేదీని రవీంద్రనాథులు ఐదుగురు విద్యార్థులతో బడి ప్రారంభించిరి. వారిలో నొకడు తన పెద్దకుమారుడే. తొలి గురువులలో బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుడు, వారి శిష్యుడు రేవాచందు క్రైస్తవులు. పిమ్మట 1914లో వచ్చి చేరిన ఆండ్రూసు దొర ఢిల్లీ సెయింటు స్టీఫెన్సు కళాశాలలో బోధించిన మిషనరీ. పియర్సను దొర కలకత్తాలో మిషను పని చేసినవారు. ఒకరి కుటుంబమిచ్చిన నేలపై మఱియొకరి మతమునకు జెందిన గురువు చెట్టుక్రింద గూర్చుండి పాఠము చెప్పుటకు, పైజెప్పిన షరతే త్రోవ చూపినది.

బడికి ధనము చాలలేదు. రవీంద్రనాథులు పూరీలోని తమ యింటి నమ్మిరి. భార్య మృణాళినీదేవిగారు తమ నగల నిచ్చివేసి, 1902లోనే కన్నుమూసిరి. రాజ్యలక్ష్మమ్మగారి నీళ్లబిందెను జెప్పినపుడు ఈ నగలనుగూడ జెప్పుట న్యాయము. 1913లో వచ్చిన నోబెలు బహుమాన ధనమును కవిగారు రైతులకు ఋణమిచ్చు బ్యాంకులో నుంచి, వడ్డీ బడికి వచ్చునట్లు చేసిరి. 1919లో కళాభవన మేర్పడెను. నందలాల వసుగారు దానికి నాయకులైరి. పరీక్షకై కాక పనికై చిత్రము వ్రాయుట, గురుశిష్యు లొకేచోట కూర్చుండి వ్రాయుట, గోడలనే పటములుగా మార్చుట వారి పద్ధతులు. వినోదవిహారి ముఖర్జీగారు 1940 తరువాత హిందీభవనపు గోడలపై మధ్యయుగపు భక్తులను చిత్రించిరి. అట్లు కట్టడమే పాఠ్యగ్రంథమైనది. సంగీతభవనము 1933లో వేఱు విభాగమైనది. మన పిఠాపురపు వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణకు రవీంద్రనాథులు ముగ్ధులైన సంగతి మన సీమవారు మఱువరాదు. తెలంగాణపు చిత్రకారులు కొండపల్లి శేషగిరిరావుగారు ఆ కళాభవనమున చదివి, హైదరాబాదు లలితకళాశాలలో బోధించిరి.

1921 డిసెంబరు 23వ తేదీని విశ్వభారతి లాంఛనముగా నారంభమైనపుడు, రవీంద్రనాథులు రెండవ దానము చేసిరి. శాంతినికేతనమునందలి తమ యిండ్లు, గ్రంథాలయము, తమ వంగభాషాగ్రంథముల ప్రచురణహక్కు సంస్థకు ఇచ్చివేసిరి. మఱుసటి యేట సంస్థ రిజిస్టరైనది. తండ్రి నేల నిచ్చెను; కొడుకు తన రచనలపై రాబడి నిచ్చెను. అయినను కొఱత తీరలేదు. డెబ్బది దాటిన వృద్ధకవి నాట్యబృందమును వెంటబెట్టుకొని యూరూర ప్రదర్శనములిచ్చి చందాలు పోగుచేయవలసి వచ్చెను. 1936లో ఢిల్లీలో నది చూచి గాంధీజీ మనసు కరిగి, అరువదివేల రూపాయల నేర్పాటుచేసి, ఇక తిరుగవలదని వేడికొనిరి. 1940లో గాంధీజీ శాంతినికేతనమునకు వచ్చినపుడు, కవిగారు సంస్థను కాపాడుడని లేఖ వ్రాసి చేతికిచ్చిరి. 1941 ఆగస్టు 7వ తేదీని వారు గతించిరి. 1951లో పార్లమెంటు చట్టముచే విశ్వభారతి కేంద్రవిశ్వవిద్యాలయమైనది. కవి కుమారుడు రథీంద్రనాథులు, అనగా 1901లో చేరిన యైదుగురిలో నొకరు, మొదటి ఉపాచార్యులైరి. రెండేండ్లకే ఆ పదవిని విడిచి వెడలిరి. ఇచ్చినపిమ్మట ఇచ్చినవారి కుటుంబమునకు ఆ యింట నెంత చోటుండవలెనన్నది యెప్పుడును సుఖమైన ప్రశ్న కాదు.

నేలను గైకొన్న 1863నుండి విశ్వవిద్యాలయమైన 1951వఱకు ఎనుబదియెనిమిది సంవత్సరములు! దానపత్రము వ్రాసిన నాటినుండి లెక్కించినను అరువదిమూడు. దాతయు, ఆయన కుమారుడును ఆ దినమును జూడలేదు.

కలకత్తాలోని వారి పూర్వుల గృహము, జోడాసాంకోభవనము, వేఱొక కథ. ఒకే ఆవరణమున రెండిండ్లు: ఆఱవ నంబరిల్లు రవీంద్రనాథుల శాఖవారిది, అయిదవ నంబరిల్లు గగనేంద్ర, అవనీంద్రనాథులది. నవీన భారతచిత్రకళ పుట్టినది ఈ యైదవ నంబరింటి దక్షిణపు వరండాలోనే. ఆ యిల్లు ఋణములచే 1940 దశకమున పరులపాలై పడగొట్టబడినది. ఆఱవ నంబరిల్లు మాత్రము నిలిచి, 1961 నాటి చట్టముచే నేర్పడి 1962 మే 8వ తేదీని ప్రారంభమైన రవీంద్రభారతి విశ్వవిద్యాలయమునకు స్థానమైనది. అచ్చట సంగీతము, నాట్యము, నాటకము, చిత్రకళ బోధించిరి. రెండిండ్లకును నడుమ గోడయే దూరము. కళ యెక్కువగా నున్న యిల్లు పోయినది. రక్షించువారున్న యిల్లు మిగిలినది. దీనిని తలచుకొన్నప్పుడెల్ల మాకు మనసు చివుక్కుమనును.

మన యాంధ్రదేశమున ఈ పని జరుగలేదనుట తప్పు. కృష్ణాజిల్లాలోని కూచిపూడిని గోలకొండ నవాబు తానీషా 17వ శతాబ్దమున భాగవతుల కుటుంబములకు అగ్రహారముగా నిచ్చెనని చెప్పుదురు. 1763 నాటి పంపకపు పత్రమొకటి ఆ కుటుంబముల యింటిపేర్లను దెలుపుచున్నది. అనగా నచ్చట నింటిస్థలమును, నాట్యవిద్యయు నొక్కటే వారసత్వముగా నడచినవి. తండ్రి యింటి అరుగుపై నేర్పినది కొడుకు నేర్చెను. 1950 దశకపు చివర అచ్చట సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసి, పిమ్మట 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునకు కళాపీఠముగా జేరినది. అరుగుపై చెప్పిన విద్యకు తరగతిగది, పాఠ్యక్రమము, పట్టము ఏర్పడినవి. ఆ కుటుంబములకు జెందని వారును, బాలికలును జేరి నేర్చుకొనుటకు వీలుకలిగినది. ఆ మార్పులో గొంత పోయినదని వృద్ధులు చెప్పుదురు, అది నిజమే కావచ్చును. కాని వచ్చినదానిని మేము పోయినదానికంటె నెక్కువగా దలచెదము.

ఇక రామారావుగారి బడి సంగతి. శాంతినికేతనముతో బోల్చి చూడగా, గురువును, శిష్యులును, పటములును రెండుచోట్లను గలవు. రామారావుగారి బడికి లేనివి రెండు: ఏటేట తప్పక వచ్చు రాబడి యొకటి, దానిని తనలో జేర్చుకొనగల విశ్వవిద్యాలయము సమీపమున నుండుట రెండవది. ఈ రెండును లేని కాలమున నడిమి పనిని ఒక్కరు భుజములపై మోసిరి. వారే వెంకటరత్నముగారు. దాతను గూర్చి వ్రాసిన పుస్తకములు గలవు, చిత్రకారుని గూర్చి వ్రాసినవి గలవు. ప్రతిదినము వచ్చి తలుపు తెఱచిన వానిని గూర్చి మాత్రము చదివినవారు తక్కువ.

ధవళేశ్వరమునుండి రాజమహేంద్రవరమునకు గోదావరిగట్టు వెంబడి నాలుగైదు మైళ్లు మాత్రమే. విద్యార్థులు సెలవులలో నొకదినము దామెర్ల రామారావు చిత్రశాలకు బోవుదురు గాక. రామారావుగారి పటములు చూచిన పిమ్మట వెంటనే బయటికి రాక, వరదా వెంకటరత్నముగారి పటములయొద్దగూడ కొంతసేపు నిలిచి చూడుడు.